చెన్నపట్టణపు వాస్తుశిల్పి రాబర్టు చిషోల్మ్



వేసవి సెలవులకు ముందు ఒకనాడు తాపీమేస్త్రి యొకరు మన పాఠశాలకు వచ్చిరి. ఆయన కుమారుడు ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. కొంతసేపు కుశలప్రశ్నలు జరిగిన పిమ్మట ఆయన మెల్లగా నన్నిట్లడిగిరి: “మాస్టారూ, మావాడికి భవనాలు గీసే చదువు చదవాలని ఉంది. తెలుగు బడిలో చదివితే అది వస్తుందాండీ? రాదంటే చెప్పండి, వేరే బడిలో వేసేస్తాను.”

ఆ ప్రశ్నకు ఆనాడు నేను తృప్తికరమైన సమాధానము చెప్పలేకపోతిని. “వచ్చును” అని నోటితో అనుట సులభమే. కాని ఒక తండ్రి తన బిడ్డ భవిష్యత్తును గూర్చి అడిగినపుడు నోటిమాట చాలదు. కావున ఈ వ్యాసమున ఒక వాస్తుశిల్పి జీవితమును మీ ముందుంచి, ఆయనకు తోడ్పడిన మన తెలుగువారిని గూర్చియు ముచ్చటించి, తుదకు ఆ తండ్రి ప్రశ్నకు నాకు తోచిన సమాధానము చెప్పుదును.

గంజాము వారికి చెన్నపట్టణమేల?

ఒరిస్సా రాష్ట్రము 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఏర్పడెను. అంతకు పూర్వము బరంపురము, ఛత్రపురము, గోపాలపురము, మన సోనేపూరు అన్నియు మద్రాసు రాజధానిలోనివే. మన ముత్తాతలకు పెద్ద న్యాయస్థానమన్నను, విశ్వవిద్యాలయమన్నను చెన్నపట్టణమే. బరంపురమున చదివినవాడు మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణుడైనచో ఆ పట్టము మద్రాసు విశ్వవిద్యాలయమువారు ఇచ్చినదే. రైలు రాకపూర్వము గోపాలపురపు రేవున ఓడ యెక్కి అచటికి పోయిన వారును గలరు. కావున చెన్నపట్టణమును కట్టిన కథ పరుల కథ కాదు. అందు మనకును పాలు గలదు.

1857వ సంవత్సరమున మద్రాసు విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. అయితే దానికి తగిన భవనము లేదు. 1840లో ఆరంభమైన విద్యాలయము పెరిగి ప్రెసిడెన్సీ కళాశాల యయ్యెను. దానికిని తగిన భవనము లేదు. 1871వ సంవత్సరపు జనగణనలో ఆ పట్టణ జనసంఖ్య 3,97,552. ఇరువది సంవత్సరములకు అది 4,52,518 ఆయెను. జనము పెరిగిన కొలదియు కచేరీలు, తపాలా గృహములు, పాఠశాలలు, సభామందిరములు కావలసివచ్చెను.

సరిగా ఆ కాలముననే అమెరికా దేశపు విశాలమైన గడ్డిమైదానముల అంచున చికాగో అను పట్టణము ఇంతకంటె వేగముగ పెరుగుచుండెను. 1870లో దాని జనసంఖ్య సుమారు 3 లక్షలు. 1890 నాటికి అది 11 లక్షలకు చేరెను. ఆ పట్టణపు తొలి వాస్తుశిల్పి జాన్ వాన్ ఆస్డెల్ అనునతడు. 1871లో చికాగోను మహాగ్ని దహించినపుడు, తాను కట్టుచున్న హోటలు నేలమాళిగలో గొయ్యి త్రవ్వి, భవనముల పటములను పాతిపెట్టి, పైని ఇసుకయు తడిమట్టియు కప్పెనని చెప్పుదురు. మంట లారిన పిదప త్రవ్వి చూడగా పటములు చెక్కుచెదరక యుండెనట. భవనము కాలినను పటము మిగిలినచో మరల కట్టవచ్చును. వాస్తుశిల్పికి పటమే ప్రాణమని దీనివలన గ్రహింపవలెను.

పోటీలో గెలిచిన యువకుడు

రాబర్టు ఫెలోస్ చిషోల్మ్ 1840లో జన్మించిన ఆంగ్లేయుడు. యౌవనముననే భారతదేశమునకు వచ్చి ప్రభుత్వ మరామతు శాఖలో ఉద్యోగియై వంగదేశమున పనిచేయుచుండెను. 1864లో మద్రాసు ప్రభుత్వము ప్రెసిడెన్సీ కళాశాలకును, విశ్వవిద్యాలయపు సెనేటు భవనమునకును పటములు గీసి పంపుడని పోటీ ప్రకటించెను. అందు గెలిచినవాడు చిషోల్మ్. అప్పటికి ఆయన వయస్సు ఇరువది నాలుగు, ఇరువదియైదు సంవత్సరములకు మించదు.

ఆ గెలుపుతో ఆయన చెన్నపట్టణమునకు వచ్చి స్థిరపడెను. సముద్రతీరమున ప్రెసిడెన్సీ కళాశాల భవనమును 1867లో ఆరంభించి 1870లో పూర్తిచేసిరి. విక్టోరియా రాణి కుమారుడగు ఎడింబరో ప్రభువు దానిని ప్రారంభించెను. ఈ భవనము చాలవరకు ఇటలీ దేశపు రీతిలో నున్నది. అందు తప్పేమియు లేదు. తాను నేర్చిన విద్యనే ఆయన చూపెను. కాని చిషోల్మ్ గొప్పతనము అచట ఆగిపోకపోవుటలో నున్నది.

మధురలో నేర్చిన పాఠము

1866లో లార్డు నేపియరు మద్రాసు గవర్నరుగా వచ్చెను. ఆయన అధికారము చేపట్టిన నాటికి మన గంజాము జిల్లా ఘోరమైన కరవుతో అలమటించుచుండెను. పెద్దలు నేటికిని చెప్పుకొను ‘నఅంక దుర్భిక్ష’ మదియే. ఆ గవర్నరునకు మన జిల్లా పేరు తొలుత పరిచయమైనది ఆకలి మూలముననే యని చెప్పవలెను.

నేపియరునకు కట్టడములపై మిక్కిలి మక్కువ. ఈ దేశమున కట్టు భవనములు ఈ దేశపు ఎండకును, వానకును, ఈ దేశపు పనివారి చేతికిని తగినట్లుండవలెనని ఆయన అభిప్రాయము. 1870లో ఈ విషయమును గూర్చి ఒక ఉపన్యాసమును గూడ చేసెను. ఆయన ప్రోత్సాహముతో మధురలోని తిరుమల నాయకుని మహలును బాగుచేయు కార్యము చిషోల్మునకు అప్పగింపబడెను.

విద్యార్థులారా! ఇచట ఒక్క నిమిషము ఆగుడు. ఈ తిరుమల నాయకుడెవరు? విజయనగర సామ్రాజ్య కాలమున మధురకు వెళ్ళి రాజ్యమేలిన తెలుగు నాయకరాజుల వంశమువాడు. 1636 ప్రాంతమున ఆయన కట్టించిన ఆ మహలు ఇటుకతోను సున్నముతోను కట్టినది. ఆకాశమునంటు స్తంభములు, వానిపై కమానులు, కమానులపై గుమ్మటములు. ఆయన మనుమడే మహలులో పెక్కు భాగములను విప్పించి తిరుచిరాపల్లికి తరలింపగా, నాలుగవ వంతు మాత్రమే మిగిలెనని చెప్పుదురు. మిగిలిన ఆ భాగము సైతము శిథిలమగుచుండ, చిషోల్మ్ దానిని కొలిచి, గీచి, బాగుచేయించెను.

కూలిన గోడను బాగుచేయువాడు దానిని కట్టినవాని మనస్సును చదువవలెను. ఈ స్తంభ మింత లావేల? ఈ కమాను వంపు ఇట్లేల? ఎండ ఎచట పడును? గాలి యెటు పోవును? ఈ ప్రశ్నలు వేసికొనుచు ఆంగ్లేయుడగు చిషోల్మ్ రెండు వందల సంవత్సరముల పూర్వపు దక్షిణదేశపు మేస్త్రులకు శిష్యుడయ్యెను. దాని ఫలము ఆయన తరువాతి భవనములయందు స్పష్టముగ కాననగును. ఇటలీ రీతి తగ్గి, హిందూ మహమ్మదీయ కట్టడముల రీతులు వానిలో చోటుచేసికొనెను. నవాబు వాలాజా 1768లో కట్టించిన చేపాకు మహలు ప్రక్కన రెవెన్యూ బోర్డు కచేరీలు కట్టవలసివచ్చినపుడు, పాత మహలుతో క్రొత్త కట్టడము పొసగునట్లు చేసెను.

కమాను ఎట్లు నిలుచును?

మీ యిండ్లలో గుమ్మముపై అడ్డముగ దూలమో, సిమెంటు పలకయో యుండును. దాని నడుమ బరువు పడినచో అది వంగును. ఎక్కువ వెడల్పు గుమ్మమునకు పొడవైన దూలము కావలెను. పొడవు పెరిగిన కొలదియు అది మరింత వంగును. కమానునందు ఈ చిక్కు లేదు. చిన్న చిన్న ఇటుకలను వంపుగ పేర్చినపుడు ప్రతి ఇటుకయు ప్రక్క ఇటుకను నొక్కును. ఆ నొక్కుడు క్రమముగ క్రిందికి దిగి స్తంభములను చేరును. ఇటుకకు నొక్కుడును భరించు శక్తి యెక్కువ. సాగుడును భరించు శక్తి తక్కువ. కమాను దానిని నొక్కునే కాని సాగదీయదు. ఇదియే అందలి రహస్యము.

అయితే కమాను స్తంభములను వెలుపలికి తోయును గూడ. వరుసగ నున్న కమానులు ఒకదానినొకటి ఆపుకొనును. కాని వరుస చివరి స్తంభమునకు ఆపు లేదు. కావున చివర బరువైన గోడ గాని, గోపురము గాని యుండవలెను. పెద్ద భవనముల మూలలయందు గోపురములుండుట అందమునకు మాత్రమే యని మీరు తలంపరాదు.

కమాను కట్టునపుడు ముందుగ కఱ్ఱతో అర్ధచంద్రాకారముగ చట్టము చేసి నిలుపుదురు. దానిపై ఇరువైపుల నుండి ఇటుకలు పేర్చుచు వచ్చి, నడినెత్తిన తుది ఇటుకను బిగింతురు. సున్నము గట్టిపడిన పిదప చట్టమును తీసివేయుదురు. చట్టము తీయు నాడు మేస్త్రి గుండె చప్పుడు ఆయనకే వినబడునని మన ఊరి పనివారు చెప్పగా వింటిని.

సున్నపు ముచ్చటయు చెప్పవలెను. ఆనాడు సిమెంటు విరివిగ లేదు. సముద్రపు గుల్లలను కాల్చి చేసిన సున్నమే వాడిరి. సోనేపూరు ఒడ్డున మీ కాళ్ళక్రింద నలుగు గుల్లల వంటివే అవి. ఆ సున్నమును మెత్తని ఇసుకతో గానుగలో నూరి, బెల్లపు నీరు చేర్చి, గోడకు పూసిరి. పై పూతకు కోడిగ్రుడ్డు తెల్లసొనయు కలిపి, నునుపైన రాతితో రుద్దిరుద్ది చలువరాతి వలె మెఱయునట్లు చేసిరి. ‘మద్రాసు సున్నము’ అని దీనికి సీమదేశమున గూడ పేరు వచ్చెను. ఆ పని పటము గీయువానికి రాదు. తరతరములుగ చేయుచు వచ్చిన చేతికే వచ్చును.

సెనేటు భవనము

పోటీ జరిగిన పది సంవత్సరములకు, 1874లో, సెనేటు భవనము పని ఆరంభమయ్యెను, 1879లో పూర్తియయ్యెను. నాలుగు మూలల నాలుగు గోపురములు, వానిపై గుమ్మటములు, ఇరుప్రక్కల కమానుల వసారాలు, నడుమ విశాలమైన సభామందిరము, రంగుటద్దముల కిటికీలు, ఎఱ్ఱని ఇటుక. చిషోల్మ్ భవనములలో దీనినే శ్రేష్ఠమైనదిగ పెక్కురు ఎంచుదురు. విశ్వవిద్యాలయపు నూటయేబదవ వార్షికోత్సవము సమీపించిన 2006లో దానిని బాగుచేసిరి.

ఈ సంవత్సరములను మరల చూడుడు: 1874 మొదలు 1879 వరకు. నడుమ 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమున మహాకరవు సంభవించెను. లక్షలకొలది జనులు మరణించిరి. పల్లెల నుండి ఆకలితో జనము చెన్నపట్టణమునకు నడచివచ్చుచుండగా, సముద్రతీరమున విద్యామందిరపు గుమ్మటములు లేచుచుండెను. ఈ రెండును ఒకే కాలమున, ఒకే ప్రభుత్వము క్రింద జరిగినవి. అందమైన భవనమును మెచ్చుకొనుట ఎంత న్యాయమో, ఆ నాటి ఆకలిని మరువకుండుటయు అంతే న్యాయము. చరిత్ర చదువువాడు రెండు కన్నులతోను చూడవలెను.

చిషోల్మ్ ఈ కాలముననే చెన్నపట్టణపు కళాపాఠశాలకు కొన్ని సంవత్సరములు అధిపతిగ నుండెను. 1850లో అలెగ్జాండరు హంటరు అను వైద్యుడు స్థాపించిన పాఠశాల యది. తిరువాన్కూరు రాజ్యమున, తిరువనంతపురమున, నేపియరు పేరిట కట్టిన వస్తుప్రదర్శనశాలకును చిషోల్మే పటము గీసెను. అది 1880లో పూర్తియయ్యెను. కేరళదేశమున వాన లెక్కువ. కావున అచటి యిండ్లకు ఏటవాలు పైకప్పులు, చెక్కిన కఱ్ఱ ముఖభాగములు ఉండును. చిషోల్మ్ ఆ రీతినే తీసికొని, గాలి తనంతట తాను ఆడునట్లు ఆ భవనమును కట్టెను. మధురలో మధుర రీతి, కేరళలో కేరళ రీతి. ఎచటికి పోయిన అచటి మేస్త్రుల పనిని ముందు చూచి పిదప కలము పట్టుట ఆయన పద్ధతి.

విక్టోరియా సభామందిరమును, ఇద్దరు తెలుగువారును

బరంపురమున రైలెక్కి చెన్నపట్టణము సెంట్రలు స్టేషనులో దిగినవారికి చేరువనే ఎఱ్ఱని ఇటుక భవనమొకటి కనబడును. అదియే విక్టోరియా సభామందిరము. 1882లో పట్టణపు పెద్దలు సమావేశమై ప్రజలకొక సభాగృహము కావలెనని నిశ్చయించిరి. 1883 డిసెంబరులో దానికి శంకుస్థాపన చేసినవారు విజయనగర ప్రభువగు పూసపాటి ఆనంద గజపతిరాజుగారు. ధనసహాయము చేసినవారిలోను ఆయన ముఖ్యులు. గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమును అంకితమిచ్చినది ఈ ప్రభువునకే.

ఆ మందిరమునకు పటము గీసినది చిషోల్మ్. కట్టినది తాటికొండ నంపెరుమాళ్ శెట్టిగారు.

శెట్టిగారు 1856లో జన్మించిరి. చెన్నపట్టణమున స్థిరపడిన తెలుగు వైశ్య కుటుంబమువారు. కలప, ఇటుక, సున్నము, పనివారు, బండ్లు ఇవన్నియు సమకూర్చి, పటము చూచి భవనము నిలబెట్టు గుత్తేదారు వృత్తి ఆయనది. చిషోల్మ్ పిదప చెన్నపట్టణమున వాస్తుశిల్పియైన హెన్రీ ఇర్విను గీసిన పెక్కు భవనములను గూడ శెట్టిగారే కట్టిరి. 1892లో ప్రారంభమైన హైకోర్టు, దాని ప్రక్కనున్న న్యాయకళాశాల, 1896 నాటి కన్నెమరా గ్రంథాలయము, మద్రాసు బ్యాంకు భవనము వానిలోనివి. ఆయన 1925లో పరమపదించిరి. గణితశాస్త్రవేత్త శ్రీనివాస రామానుజము 1920లో కన్నుమూసినది చేటుపట్టులో శెట్టిగారికి చెందిన యింటిలోనే.

పటము ఆంగ్లమున నుండెను. పట్టణపు వాడుక భాష అరవము. శెట్టిగారి యింటి భాష తెలుగు. మూడు భాషల నడుమ నిలిచి, కాగితముపై గీతను గోడగ మార్చిన వ్యక్తి యాయన. ఒక భాష నేర్చుటకై మరియొకదానిని విడువవలసిన పని ఆయనకు కలుగలేదు.

ఇక ఆ గోడలకు రాళ్ళు కొట్టి, మట్టి త్రవ్వి మోసినవారి మాట. దక్షిణదేశమంతటను చెరువులు త్రవ్వుట, రాళ్ళు కొట్టుట వృత్తిగ గలవారు వడ్డెవారు. అరవదేశమున నున్నను, కన్నడదేశమున నున్నను వారి యింటి భాష తెలుగు. ‘వడ్డె’ అను పేరు ‘ఓడ్ర’ శబ్దము నుండి, అనగా ఒడిస్సా దేశపు పేరు నుండి వచ్చినదని పలువురు పండితుల అభిప్రాయము. ఓడ్రదేశపు పేరు ధరించి, తెలుగు మాటలాడుచు, పరదేశముల కట్టడములకు పునాదులు త్రవ్విన ఆ జనమును తలచినపుడు, ఒడిస్సాలో నుండి తెలుగు చదువుచున్న మనకు ఆత్మీయత కలుగక మానదు. వారి పేర్లు ఏ శిలాఫలకముపైనను లేవు.

ఆ రోజులలోనే, 1891లో, బళ్ళారి నుండి ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాటకసమాజము చెన్నపట్టణము వచ్చి తెలుగు నాటకములు ప్రదర్శించెను. వానిని చూచి ఉత్సాహపడిన పమ్మల్ సంబంధ మొదలియారు సుగుణ విలాస సభను స్థాపించి అరవ నాటకమునకు క్రొత్త జీవము పోసిరి. ఆ సభవారు విక్టోరియా మందిరముననే పెక్కు నాటకము లాడిరి. చూడుడు! తెలుగు ప్రభువు శంకుస్థాపన, ఆంగ్లేయుని పటము, తెలుగు గుత్తేదారు కట్టడము, అరవవారి నాటకము. అన్నిటికిని ఒకే కప్పు.

బరోడా, లండను, జీవితాంతము

బరోడా మహారాజగు శాయాజీరావు గాయక్వాడుగారికై లక్ష్మీవిలాస భవనమును ఆరంభించినది మేజరు చార్లెసు మాంట్ అను శిల్పి. తన లెక్కలలో తప్పు దొర్లినదేమో, భవనము కూలునేమో యను భయము ఆయనను మిక్కిలి పీడించెనని చెప్పుదురు. 1881లో ఆయన మరణించెను. పిదప చిషోల్మ్ ఆ పనిని స్వీకరించి 1890లో పూర్తిచేసెను. భవనము నేటికిని నిలిచియున్నది. మాంటు లెక్క సరియైనదే; ఆయన భయమే తప్పు. లెక్కను మరల మరల సరిచూచుట మంచిది. కాని సందేహము మనస్సును తినివేయుచున్నపుడు దానిని ఒక్కడే మోయక, తోడివారితోనో పెద్దలతోనో చెప్పుకొనవలెను. పరీక్షల దినములలో ఈ మాట మీరు జ్ఞప్తియందుంచుకొనుడు.

చిషోల్మ్ తుదకు స్వదేశమునకు వెడలిపోయెను. లండను నగరమున ఆయన కట్టిన ఒక ప్రార్థనామందిరము 1907లో వెలసెను. అదియే నేడు క్యాడగన్ హాలు అను సంగీతసభాగృహము. 1915లో ఆయన మరణించెను. ఏబది సంవత్సరముల పైబడిన ఆ వృత్తిజీవితమున ఆయన పేరు నిలిపినవి చెన్నపట్టణపు భవనములే.

ఆ తండ్రికి సమాధానము

ఇపుడు మొదటి ప్రశ్నకు వత్తము. తెలుగు బడిలో చదివినవాడు వాస్తుశిల్పి కాగలడా?

నిజము దాచక చెప్పవలెను. వాస్తుశాస్త్రపు పట్టపరీక్ష చదువు ఐదు సంవత్సరములు. అది ఆంగ్లమున జరుగును. ఇంటరు లేక ప్లస్ టూ తరగతులలో గణితము, భౌతికశాస్త్రము తప్పక చదువవలెను. ప్రవేశమునకు నాటా అను పరీక్షయో, జె.ఇ.ఇ. మెయిన్ రెండవ పత్రమో వ్రాయవలెను. 1972 నాటి చట్టము ప్రకారము, వాస్తుశిల్ప మండలిలో పేరు నమోదు చేసికొననివాడు ఆర్కిటెక్టు అను బిరుదు పెట్టుకొనరాదు. కావున ఆంగ్లము రాకున్నను పరవాలేదని నేను చెప్పజాలను. ఈ రాష్ట్రమున బ్రతుకువానికి ఒడియా రాకున్నను పరవాలేదనియు చెప్పజాలను.

కాని ఇంకొక నిజమును గలదు. కమాను ఎట్లు నిలుచునో తల్లిభాషలో ఒక్కమారు తెలిసినవానికి, దానిని ఆంగ్లమున చెప్పుట మాటల మార్పు మాత్రమే. అర్థము తెలియక ఆంగ్లపు మాటలు వల్లించినవానికి ఏ భాషలోను కమాను నిలువదు. 2021 నుండి జె.ఇ.ఇ. మెయిన్ ప్రశ్నపత్రము తెలుగు, ఒడియా భాషలలోను ఇచ్చుచున్నారు. ఏ కేంద్రమున ఏ భాష లభించునో దరఖాస్తుకు ముందే చూచుకొనుడు. 2008లో వెలసిన ప్రభుత్వ ప్రణాళికా వాస్తుశిల్ప విద్యాలయము మనకు పొరుగు రాష్ట్రమగు ఆంధ్రప్రదేశమున, విజయవాడలో నున్నది.

వేసవిలో నేను ఆ మేస్త్రిగారు పనిచేయు చోటికి వెళ్ళితిని. ఒక కాగితము తీసికొని, ఆయన చేతిలోని పనిముట్ల పేర్లు అడిగితిని. తాపీ, మూలమట్టము, రసమట్టము, తూకపుగుండు, ఇట్లు ఒక్కొక్కటి చెప్పుచుండగా ప్రక్కనున్న ఒడియా పనివాడు తన భాషలోని పేరు చెప్పెను. సగము కాగితము తెలుగు, సగము ఒడియా. గుండు దారమును గోడకు పట్టి చూపి, “చూడండి మాస్టారూ, దారం ఏ భాషలోనూ అబద్ధం చెప్పదు” అని ఆయన నవ్విరి. ఆ కాగితమును మేస్త్రిగారి కుమారునకిచ్చి మూడవ వరుసలో ఆంగ్లపు పేర్లు వ్రాసికొని రమ్మంటిని. సెలవుల పిమ్మట బడి తెరచిన మొదటి దినమున ఆ బాలుడు మూడు వరుసలును నింపి తెచ్చెను. అతడు నేడు తొమ్మిదవ తరగతిలో మన పాఠశాలయందే యున్నాడు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటియే. బిడ్డను బడి మార్పించుటకు ముందు, వాడు చదివిన పాఠమును వాని నోట ఇంటి భాషలో చెప్పించి వినుడు. చెప్పగలిగినచో వాని పునాది గట్టిగ నున్నదని యెఱుగుడు.

కఠినపదములు

వాస్తుశిల్పి: కట్టడములకు పటము గీయు నిపుణుడు.
గుత్తేదారు: పనిని ఒప్పందముపై తీసికొని చేయించువాడు.
గుమ్మటము: బోర్లించిన గిన్నె వంటి పైకప్పు.
వసారా: గదుల ముందుండు కప్పుగల నడవ.
శంకుస్థాపన: కట్టడమునకు మొదటి రాయి వేయుట.
తూకపుగుండు: గోడ నిటారుగ నున్నదో లేదో చూచుటకు దారమునకు కట్టిన లోహపు గుండు.

ప్రశ్నలు

1. తిరుమల నాయకుని మహలును బాగుచేయుటవలన చిషోల్మ్ ఏమి నేర్చెను?
2. కమానుల వరుస చివర బరువైన గోపురము ఎందుకు కావలెను? పటము గీసి వివరింపుడు.
3. సెనేటు భవనము కట్టిన కాలమున దక్షిణదేశపు స్థితి యెట్టిది? ఆ రెండింటిని గూర్చి మీ అభిప్రాయము పది పంక్తులలో వ్రాయుడు.
4. భవనము నిలుచుటకు పటము గీసినవాడు, కట్టించినవాడు, రాయి మోసినవాడు ముగ్గురును కావలెను. వీరిలో ఎవరి పేరు ఎచట మిగిలినదో విచారింపుడు.

చేయవలసిన పని

మీ యింటి వసారా పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, ఒక అడుగునకు ఒక అంగుళము చొప్పున పటము గీయుడు. మీ వీధిలోని మేస్త్రినో, వడ్రంగినో అడిగి ఇరువది పనిముట్ల పేర్లు తెలుగునను, ఒడియాలోను వ్రాసి తెండు. పేర్లు చెప్పిన పనివారి పేరును గూడ తప్పక వ్రాయవలెను.